"ఓపిక పట్టండి" అంటున్నారు... నిజంగా కోలుకుంటున్నారా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా వారికి 41 ఏళ్లు, ట్రాక్టర్ మెకానిక్. సంక్రాంతి వెళ్లాక నాలుగు రోజులు విరేచనాలయ్యాయి, తగ్గిపోయాయి. పది రోజులకు కాళ్లు తిమ్మిర్లెక్కి మెట్లెక్కలేకపోయారు. మూడో రోజుకు చేతులూ లేవలేదు. గుంటూరు తీసుకొస్తే జీబీఎస్ (గిలాన్-బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు) అన్నారు. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. ఈలోగా ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టారు, తర్వాత గొంతుకు రంధ్రం చేశారు. ఇప్పటికి నలభై రోజులు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట చూడనిస్తారు. ఇప్పుడు తల తిప్పుతున్నారు, భుజాలు కొంచెం ఎగరేస్తున్నారు. కాళ్లలో మాత్రం ఏమీ లేదు. డాక్టరు గారిని అడిగితే రోజూ ఒకటే మాట: "స్లోగా రికవర్ అవుతున్నారమ్మా, ఓపిక పట్టండి." మొన్న రెండు గంటలు వెంటిలేటర్ తీసి ఉంచారు. ఆ సంబరం తీరకముందే జ్వరం వచ్చి మళ్లీ పెట్టేశారు. నన్ను చూస్తే ఆయన కన్నీళ్లు పెట్టుకుంటారు. ఏం మాట్లాడాలో తెలియక బయటికి వచ్చేస్తున్నాను. మా అత్తయ్య ఇంటికి తీసుకెళ్లి పక్షవాతానికి ఆకుమందు వేయిద్దామంటుంది. మా మరిది బిల్లు కోసమే ఉంచుకున్నారంటాడు. అంటురోగమని ఊళ్లో మా పిల్లల్ని ఎవరూ ఇంట్లోకి రానివ్వడం లేదు. తొమ్మిదో తరగతి చదివే మా పాప నాన్నను చూస్తానని ఏడుస్తోంది, తీసుకురావచ్చా? అసలు ఆయన కోలుకుంటున్నారా, మమ్మల్ని మభ్యపెడుతున్నారా?
— ఒక భార్య

జవాబు:

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఆయన కోలుకునే దారిలోనే ఉన్నారు. నేను డాక్టర్ని కాను, ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఆయన ఫైలు నా ముందు లేదు. అయినా ఈ మాట ధైర్యంగా రాస్తున్నానంటే మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన ఒక్క వాక్యం వల్లే: "తల తిప్పుతున్నారు, భుజాలు కొంచెం ఎగరేస్తున్నారు." ఈ జబ్బు ఎక్కేటప్పుడు కాళ్ల నుంచి పైకి ఎక్కుతుంది, దిగేటప్పుడు చాలామందిలో పైనుంచి కిందికి దిగుతుంది. మెడ, భుజాలు, ఊపిరి కండరాలు ముందు. అరచేతులు, పాదాలు అన్నిటికన్నా చివర. కాళ్లలో ఏమీ లేదని మీరు దిగులు పడుతున్నారు, కానీ కాళ్ల వంతు ఇంకా రాలేదు. మీరు భుజాలు చూడాలి.

ఆయన మెకానిక్ కాబట్టి మీకు వైరింగు సంగతి తెలిసే ఉంటుంది. లోపల రాగి తీగ, పైన తొడుగు. విరేచనాలు తెచ్చిన క్రిమితో పోరాడటానికి పుట్టిన రోగనిరోధక శక్తి, ఆ పని అయ్యాక పొరపాటున ఒంట్లోని నరాల మీద పడుతుంది. కొందరిలో నరం తొడుగు మాత్రమే చెడుతుంది, కొందరిలో లోపలి తీగ కూడా. తొడుగైతే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో మళ్లీ అల్లుకుంటుంది. తీగ దాకా దెబ్బ పడితే నరం మళ్లీ పెరగాలి, అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. వెన్ను నుంచి పాదానికి ఎంత దూరమో మీరే లెక్క వేసుకోండి. అందుకే నరాల పరీక్ష (ఎన్‌సీఎస్ అంటారు) రిపోర్టులో ఏ రకం అని వచ్చిందో డాక్టరుగారిని అడగండి. "ఎన్నాళ్లు" అన్న మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే ఉంది.

రోజూ ఒకటే మాట చెబుతున్నారన్నారు. ఈ జబ్బులో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనపడదు, కాబట్టి డాక్టరు అబద్ధం చెబుతున్నట్టు కాదు. కాకపోతే అది మీకు సరిపోయే జవాబూ కాదు. అందుకని అడిగే తీరు మార్చండి. "ఎలా ఉన్నారు" అని అడిగితే "స్లోగా" అనే వస్తుంది. "భుజం పవర్ ఎంత ఉంది సార్, పోయిన సోమవారం ఎంత?" అని అడగండి. కండరం బలాన్ని వాళ్లు 0 నుంచి 5 దాకా లెక్కేస్తారు. 0 అంటే ఏ కదలికా లేదు. 1 అంటే కండరం లోపల అదిరినట్టు అవుతుంది కానీ చెయ్యి కదలదు. 2 అంటే పరుపు మీద పక్కకు జరపగలరు, పైకి లేపలేరు. 3 అంటే ఏ సాయం లేకుండా పైకి ఎత్తగలరు. 4 అంటే మనం అడ్డం పెట్టినా కొంత నెట్టగలరు. 5 మామూలు బలం. 1 నుంచి 2కి రావడానికి రెండు మూడు వారాలు పట్టిందనుకోండి, బయటినుంచి చూసేవాళ్లకు అదేమీ లేనట్టే ఉంటుంది. లోపల మాత్రం చాలా పని జరిగినట్టు. ఒక చిన్న నోట్‌బుక్ కొని ప్రతి సోమవారం భుజం, మోచెయ్యి, వేళ్లు, తుంటి, పాదం నంబర్లు రాసుకోండి. ఊపిరి ఎంత లాగగలుగుతున్నారు, వెంటిలేటర్ లేకుండా ఎంతసేపు ఉన్నారు, ఇవి కూడా. రోజూ రాయొద్దు, రోజూ రాస్తే మతి పోతుంది. వారానికోసారి చాలు.

మానిటర్ వైపు చూస్తూ కూర్చోకండి. ఈ జబ్బులో బీపీ, గుండె వేగం ఉన్నట్టుండి ఎగిరి పడుతుంటాయి, గుండెకు పోయే నరాలూ ఇందులో దెబ్బతింటాయి కాబట్టి. అది చూసుకోవడానికి సిస్టర్లు ఉన్నారు. మీకున్న అరగంటలో కళ్లు ఆయన మొహం మీద పెట్టండి.

జ్వరం సంగతి. గొంతులో గొట్టం ఉండి, దగ్గే బలం లేని మనిషికి ఊపిరితిత్తుల్లో కఫం చేరి ఇన్ఫెక్షన్ రావడం ఐసీయూల్లో తరచూ చూసేదే. జ్వరం వచ్చినప్పుడు ఊపిరి కండరాలను కష్టపెట్టకూడదని మళ్లీ మెషీన్ పెడతారు. ఆ రెండు గంటలు వృథా పోలేదు. ఇన్ఫెక్షన్ తగ్గగానే మళ్లీ అరగంటతోనో గంటతోనో మొదలుపెడతారు. పగలు తీస్తారు, రాత్రి పెడతారు. "పొద్దంతా బాగానే ఉన్నాడు, మళ్లీ ఎందుకు పెట్టారు" అని బంధువులు గొడవ చేసేది ఇక్కడే. రాత్రి పెట్టేది కండరాలకు విశ్రాంతి కోసం. పగలు, రాత్రి కలిపి మెషీన్ లేకుండా కొన్ని రోజులు గడిచాక, దగ్గు గట్టిపడ్డాక, గుటక వేయగలరో లేదో చూసుకుని గొంతు గొట్టం తీస్తారు.

మీతో నిజం మాట్లాడాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు నూటికి ఎనభై మంది ఆరు నెలలకు ఎవరి సాయం లేకుండా నడుస్తారు. వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లకు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఏడాది దాటాక కూడా మెరుగవుతూనే ఉన్నవాళ్లను చూశాను, పాదాలలో కొంత బలహీనత, తొందరగా అలసిపోవడం మిగిలిపోయినవాళ్లనూ చూశాను. ఐసీయూలో ఉన్నంతకాలం ఇన్ఫెక్షను, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, బీపీ ఎగుడుదిగుళ్లు, ఈ ప్రమాదాలు ఉంటాయి. ఆ గండాలన్నీ గడిచిపోయాయని నేను చెప్పలేను. మొహం మీద నవ్వు పులుముకుని "ఏం కాదు" అనే బంధువుల మాటా నమ్మకండి, "ఇంక లేవడు" అనే వాళ్ల మాటా నమ్మకండి.

ఇక మీ మరిదిగారి అనుమానం. ప్రైవేటు ఆసుపత్రి అంటే జనానికి ఆ అనుమానం ఊరికే రాలేదు, నేను కాదనను. కానీ అనుమానం తీర్చుకునే దారి ఉంది. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లోగా కేసు కాగితాల నకళ్లు ఇవ్వాలని వైద్యుల నియమావళిలోనే ఉంది. ఆ నకళ్లు పట్టుకుని ఇంకో న్యూరాలజిస్టుకు చూపించండి, మీ మరిదినే పంపండి. ఆయన కోపానికి ఒక పని దొరుకుతుంది. ఖర్చు విషయంలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుంది, ఏది రాదు అన్నది కౌంటర్లో కార్డు చూపించి కాగితం మీద రాయించుకోండి. రానిదానికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండుకు దరఖాస్తు పెట్టుకోండి. ఒరిజినల్ బిల్లులు ఒక్కటి కూడా పారేయకండి. డబ్బు మరీ కుదరకపోతే సర్కారు పెద్దాసుపత్రికి మార్చడం తప్పేమీ కాదు. అయితే అక్కడ వెంటిలేటర్ బెడ్డు ఖాయమయ్యాకే, వెంటిలేటర్ ఉన్న అంబులెన్సులోనే మార్చాలి.

ఇంకెవరైనా "ఆ ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ మరో కోర్సు వేయించండి, త్వరగా లేస్తాడు" అంటే వెంటనే అప్పుకు పరుగెత్తకండి. ఆ మందు దాడిని ఆపుతుందే తప్ప నరాలను పెంచదు. బాగా జబ్బుపడ్డవాళ్లకు రెండో కోర్సు ఇస్తే లాభం లేకపోగా రక్తం గడ్డకట్టే ఇబ్బందులు పెరిగాయని 2021లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఒకసారి మెరుగై మళ్లీ బలం పడిపోతే అది వేరే సంగతి, అప్పుడు డాక్టర్లే ఆలోచిస్తారు. స్టెరాయిడ్లు కూడా ఈ జబ్బులో పనిచేయవు.

మీ అత్తగారితో పోట్లాట పెట్టుకోవద్దు. ఆమె బిడ్డ ఆయన. పక్షవాతం మెదడులో వచ్చేది, ఇది మెదడు బయట నరాలలో వచ్చింది, రెండూ వేరు అని డాక్టరుగారి చేతే ఒకసారి చెప్పించండి. కోడలు చెబితే ఎక్కని మాట డాక్టరు చెబితే ఎక్కుతుంది. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని ఇంటికి తీసుకెళ్లడం అన్న మాటే లేదు. కానీ ఆమె విషయంలో నేను భయపడేది ఆకుమందుకు కాదు, తీర్థానికి. గుడి నుంచి తెచ్చిన తీర్థం ఒక్క చుక్క బిడ్డ నోట్లో పోయాలని తల్లులు తహతహలాడతారు. గుటక వేసే బలం లేని మనిషికి ఆ చుక్క కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొబ్బరినీళ్లూ అంతే, పాలూ అంతే. ముక్కులో వేసిన గొట్టం గుండా పోయేదే తిండి. తీర్థం నుదుటికి రాయమనండి, కుంకుమ పెట్టమనండి, ఆమె మనసు చల్లబడుతుంది. అలాగే కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టనివ్వకండి. చర్మానికి వేడి తెలియదు, బొబ్బలెక్కితే మరో నెల. కాళ్లూ చేతులూ ఎలా వంచి చాచాలో ఫిజియో దగ్గర నేర్చుకుని ఆమెకు నేర్పండి. పాదం కిందికి వాలిపోకుండా నిలబెట్టి ఉంచడం ముఖ్యం, లేకపోతే బలం వచ్చాక కూడా నడక కుదరదు. ఆమె చేతికి పని దొరికితే ఆకుమందు మాట దానంతటదే తగ్గుతుంది.

అంటురోగం కాదు. మీ పిల్లల వల్ల ఎవరికీ ఏమీ రాదు. కొత్త రోగం కూడా కాదు, 1916లోనే ఫ్రెంచి డాక్టర్లు దీన్ని వివరించారు. 2025 మొదట్లో పుణెలో ఒక్కసారిగా కేసులు పెరిగి, కలుషితమైన నీళ్ల మీద అనుమానం వచ్చి, ఆ తర్వాత గుంటూరులోనూ కేసులు బయటపడ్డప్పుడు టీవీలు చేసిన హడావుడికి జనంలో ఆ భయం దిగిపోయింది. విరేచనాల క్రిమి నీళ్ల ద్వారా పాకుతుంది నిజమే, ఈ నరాల జబ్బు మాత్రం ఒకరి నుంచి ఒకరికి రాదు. మీ పీహెచ్‌సీ డాక్టరునో ఏఎన్‌ఎమ్‌నో బడికి వచ్చి ఒక్క మాట చెప్పమనండి.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏం మాట్లాడాలో తెలియక బయటికి వచ్చేస్తున్నానన్నారు. అమ్మా, ఆయన మెదడుకు ఏమీ కాలేదు. మంచం పక్కన మీరు, మీ మరిది, ఆయాలు, డాక్టర్లు ఏం మాట్లాడుకుంటున్నారో అక్షరం పొల్లుపోకుండా వింటున్నారు. బిల్లు గురించి, అప్పు గురించి, "లేస్తాడా" అన్న మాట గురించి ఆ మంచానికి పది అడుగుల దూరంలో కూడా మాట్లాడవద్దు. కన్నీళ్లకు కారణం మీకు తెలియదు, నాకూ తెలియదు. దిగులు కావచ్చు. వీపు మీద దురద పెడుతుంటే చెప్పలేకా కావచ్చు. కనురెప్పలు పూర్తిగా మూతపడక కళ్లు ఎండి నీళ్లు కారుతూ కావచ్చు, ఈ జబ్బులో మొహం కండరాలకూ బలం తగ్గుతుంది. తెలుసుకోవాలంటే ఆయననే అడగాలి.

అడిగే పద్ధతి ఉంది. ఆయన భుజం ఎగరేయగలరు, తల తిప్పగలరు. అవునంటే భుజం, కాదంటే తల. ఇది ముందు ఆయనతో ఒప్పందం చేసుకోండి, తర్వాత సిస్టర్లకు చెప్పి మంచం తల దగ్గర కాగితం మీద రాసి అంటించండి. డ్యూటీ మారినప్పుడల్లా కొత్త సిస్టరుకు తెలియాలి కదా. ఒకసారి ఒకటే ప్రశ్న. "నొప్పా, దురదా?" అని అడిగితే ఆయన దేనికి భుజం ఎగరేయాలి?

ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాయండి: సక్షన్ (గొట్టంతో కఫం లాగడం) కావాలి, పక్కకు తిప్పండి, నొప్పి, దురద, చలి, ఉక్క, కళ్లు మండుతున్నాయి, లైటు ఆపండి, భయంగా ఉంది, డాక్టరును పిలవండి. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి చదువుతూ పోండి. ఆయనకు కళ్లద్దాలు ఉంటే ముందు అవి పెట్టండి. నవ్వకండి, అద్దాలు బ్యాగులోనే ఉండిపోయి, చూపు ఆనని మనిషికి అట్ట చూపించి "స్పందించడం లేదు" అనుకున్న కుటుంబాలు ఉన్నాయి.

అట్ట మీద లేని మాట చెప్పాలనుకుంటే మన అక్షరమాల చేతిలోనే ఉంది. అచ్చులు ఒక వరుస, తర్వాత క, చ, ట, త, ప, య వరుసలు. "అచ్చా? క వరుసా? చ వరుసా?" అని అడుగుతూ వెళ్లండి, భుజం ఎగిరిన చోట ఆగండి. ఇప్పుడు ఆ వరుసలో అక్షరాలు ఒక్కొక్కటే. గుణింతాలు అడగొద్దు, ఇద్దరికీ విసుగొస్తుంది. రెండు మూడు హల్లులు వచ్చేసరికి మాట మీకే తట్టేస్తుంది. ప, మళ్లీ ప అని వచ్చిందనుకోండి, ఎవరి గురించి అడుగుతున్నారో నేను చెప్పాలా? పది నిమిషాలకు అలసిపోతారు, అంతకు మించి సాగదీయకండి.

అడగడానికి ఏమీ లేని రోజు మీరే చెప్పండి. ఇవాళ ఏ వారం, ఇప్పుడు పొద్దునా సాయంత్రమా, బయట ఎండ ఎలా ఉంది. ఐసీయూలో రాత్రీ పగలూ ఒకే లైటు, మనిషికి కాలం తెలియదు. లేనివి కనపడటం, భయంకరమైన కలలు రావడం ఇలాంటి రోగుల్లో మామూలే. గోడ గడియారం కనపడేలా మంచం తిప్పగలరా అని అడగండి. షెడ్డులో ఏ ట్రాక్టరు ఎవరు రిపేరు చేస్తున్నారో, గేదె ఈనిందో లేదో చెప్పండి. చెయ్యి పట్టుకునే ముందు పట్టుకోనా అని అడగండి, ఈ జబ్బులో కొందరికి దుప్పటి తగిలినా మంటగా ఉంటుంది. అలా ఉంటే డాక్టరుకు చెప్పండి, నరాల నొప్పికి వేరే మందులున్నాయి. మీకు ఏడుపొస్తే ఆయన ముందు ఏడవండి, ఫరవాలేదు. బయటికి పారిపోయే అరగంట కన్నా ఆయన పక్కన ఏడ్చే అరగంట మేలు.

మీ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ అరగంటలు తప్ప మిగతా రోజంతా వరండాలో కూర్చుని ఉంటున్నారని ఊహించగలను. దాని వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. వార్డుకు మారాక రాత్రీ పగలూ మీ అవసరం పడుతుంది, ఇంటికి వెళ్లాక ఇంకా ఎక్కువ. ఇప్పుడే మీ మరిదితోనో మీ పుట్టింటివాళ్లతోనో వంతులు వేసుకోండి. వారంలో రెండు రాత్రులు ఊళ్లో పిల్లల దగ్గర పడుకోండి. ఆసుపత్రి నుంచి వెళ్లిపోతున్నానని ఆయనకు చెప్పి వెళ్లండి, మళ్లీ ఎప్పుడొస్తారో కూడా చెప్పండి.

పాపను తీసుకురావచ్చు. జ్వరం పూర్తిగా తగ్గి రెండు మూడు రోజులయ్యాక, ఆమెకు జలుబూ దగ్గూ లేనప్పుడు, డాక్టరుగారు సరేనంటే. ముందు ఆయనను అడగండి, ఈ స్థితిలో కూతురికి కనపడటం ఆయనకు ఇష్టమో కాదో. భుజం ఎగిరితేనే. తర్వాత ఇంటి దగ్గర పాపకు అంతా చెప్పండి: గొంతులో గొట్టం, ముక్కులో గొట్టం, మెషీన్ల చప్పుడు, నాన్న బాగా సన్నబడ్డాడని, మాట రాదు కానీ అంతా వినిపిస్తుందని. ఆయన అనుమతితో ఒక ఫోటో తీసి చూపిస్తే ఇంకా నయం. సక్షన్ చేసే సమయం కాకుండా సిస్టరును అడిగి వెళ్లండి, మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. పాప బయటికి వెళ్లిపోదామంటే వెంటనే తీసుకొచ్చేయండి, బలవంతం వద్దు. అక్షరాల వరుసలు ముందే ఆమెకు నేర్పి ఉంచండి, మీకన్నా త్వరగా పట్టేస్తుంది.